మౌస్ పక్క బటన్ నొక్కిన సంగతి వీడియోలో ఎలా చూపాలి?

ప్రశ్న: నేను ఒక పాలిటెక్నిక్ కళాశాలలో సివిల్ విద్యార్థులకు ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ బోధిస్తున్నాను. తరగతిలో చెప్పిన పాఠాలనే విండోస్ ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ స్టూడియోతో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నాను. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని మౌస్ హైలైటర్ ఆన్ చేసుకుంటే ఎడమ క్లిక్, కుడి క్లిక్ రంగు చుక్కలుగా కనిపిస్తున్నాయి. వీల్ నొక్కినా, బొటనవేలి దగ్గరున్న రెండు అదనపు బటన్లు నొక్కినా మాత్రం ఏ గుర్తూ పడటం లేదు. ఆ రెండింటిలో ఒకదాన్ని అన్‌డూకి, ఇంకోదాన్ని ఎస్కేప్‌కి పెట్టుకున్నాను. "మేడమ్, ఆ గీత ఉన్నట్టుండి ఎలా పోయింది?" అని పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నారు. అన్ని బటన్లూ కనిపించాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఇప్పటికే పెట్టిన పాఠాలను మళ్లీ రికార్డు చేయక తప్పదా?
- ఒక అధ్యాపకురాలు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: మీ విద్యార్థులు అడిగిన ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. వాళ్లు "ఏ బటన్ నొక్కారు?" అని అడగలేదు, "గీత ఎలా పోయింది?" అని అడిగారు. ఎడమ క్లిక్ విషయంలో చూసేవారికి కావలసింది ఎక్కడ నొక్కారన్న సమాచారం. అందుకే పాయింటర్ చుట్టూ ఒక చుక్క వెలిగితే సరిపోతుంది. పక్క బటన్ సంగతి అలా కాదు. పాయింటర్ తెరమీద ఏ మూల ఉన్నా అన్‌డూ అన్‌డూయే. కాబట్టి అక్కడ మూడో రంగు చుక్కనో నాలుగో రంగు చుక్కనో చూపించినా, ఆకుపచ్చ అంటే ఏమిటో గుర్తు పెట్టుకోవలసిన భారం విద్యార్థి మీద పడుతుందే తప్ప జరిగింది అర్థం కాదు. పక్క బటన్లకు చుక్క కాదు, పేరు కావాలి. మీరు ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ఈ కొలతతోనే ఎంచుకోండి.

ఇక మౌస్ హైలైటర్‌లో ఆ బటన్లు ఎందుకు కనిపించడం లేదంటే, అందులో రంగులు ఎంచుకునే వీలు ప్రధాన బటన్‌కూ రెండో బటన్‌కూ, అంటే ఎడమ కుడి క్లిక్‌లకే ఉంది. మీ సెట్టింగులలో పొరపాటేమీ లేదు. క్లిక్‌లను చూపించే సాధనాలు చాలావరకు రెండు బటన్ల లెక్కతోనో, వీల్‌ను కలుపుకుని మూడు బటన్ల లెక్కతోనో తయారయ్యాయి. బొటనవేలి బటన్లు తర్వాత వచ్చినవి. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ అనే మౌస్‌ను రెండు పక్క బటన్లతో తెచ్చింది. విండోస్ 2000 నుంచి ఆ రెండు బటన్లకు వ్యవస్థలోనే ప్రత్యేక సందేశాలు ఏర్పడ్డాయి. వాటిని ప్రోగ్రామ్‌లు రాసేవారు ఎక్స్‌బటన్1, ఎక్స్‌బటన్2 అంటారు. అంటే, మార్పులేమీ చేయని పక్క బటన్ నొక్కినప్పుడు ఆ వార్త విండోస్‌కు స్పష్టంగానే చేరుతుంది. దాన్ని అడిగి తీసుకునే ఏర్పాటు క్లిక్‌లు చూపించే ప్రోగ్రామ్‌లో ఉండాలి. అది లేనిచోట మనం ఎన్ని సెట్టింగులు మార్చినా గుర్తు రాదు.

మీ విషయంలో దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. మీరు ఆ బటన్లను అన్‌డూకి, ఎస్కేప్‌కి పెట్టుకున్నారు. ఈ పని బహుశా మౌస్ తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో చేసి ఉంటారు. అలా చేసిన క్షణం నుంచి ఆ బటన్ మౌస్ బటన్‌గా ఇతర ప్రోగ్రామ్‌లకు అందడం ఆగిపోతుంది. మీరు బొటనవేలితో నొక్కుతారు, తయారీదారు సాఫ్ట్‌వేర్ దాన్ని మధ్యలోనే అందుకుని కీబోర్డు మీద కంట్రోల్, జెడ్ కలిపి నొక్కినట్టుగా విండోస్‌కు పంపుతుంది. కొన్ని మౌస్‌లలో ఈ కేటాయింపు మౌస్ లోపలి మెమరీలోనే నిలిచిపోతుంది కనుక, వేరే కంప్యూటర్‌కు తగిలించినా అది కీబోర్డు లాగే మాట్లాడుతుంది. ఆటల కోసం చేసిన, పక్కన 12 బటన్లుండే మౌస్‌లైతే మామూలుగానే అంకెల కీలను పంపుతాయి. కాబట్టి ఐదు బటన్లనూ చూపించగల మంచి సాధనం తెచ్చుకున్నా, మీ అన్‌డూ బటన్‌ను అది మౌస్ బొమ్మ మీద వెలిగించలేదు. దానికి కనిపించేది కంట్రోల్ జెడ్ మాత్రమే.

ఇది మీ మౌస్‌లో ఎలా ఉందో తేల్చుకోవడం కష్టం కాదు. నోట్‌ప్యాడ్ తెరిచి రెండు మాటలు టైప్ చేసి, అన్‌డూకి పెట్టుకున్న పక్క బటన్ నొక్కండి. టైప్ చేసిన మాటలు పోతే ఆ బటన్ కీబోర్డు కీలనే పంపుతోందన్నమాట. నోట్‌ప్యాడ్‌లో ఏమీ జరగక, బ్రౌజర్‌లో మాత్రం వెనకటి పేజీకి వెళ్తే అక్కడ దాని సహజమైన బ్యాక్ పనే సాగుతోందని అనుకోవచ్చు. అయితే కొన్ని తయారీదారుల సాఫ్ట్‌వేర్‌లు ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో కేటాయింపు చేసుకోనిస్తాయి. అన్‌డూను ఆటోక్యాడ్ వరకే పెట్టుకుని ఉంటే నోట్‌ప్యాడ్ పరీక్ష మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అందుకని ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆటోక్యాడ్ పేరుతో వేరే ప్రొఫైల్ ఉందేమో కూడా చూడండి.

ఇక్కడ బోధనకు సంబంధించిన ఒక మాట చెప్పాలి. మీ కళాశాల ల్యాబ్‌లో పిల్లల చేతికి వచ్చేది మామూలు మౌస్ అయ్యే అవకాశమే ఎక్కువ. రెండు బటన్లు, ఒక వీల్. వాళ్లకు "పక్కనున్న నాలుగో బటన్ నొక్కారు" అని ఎంత అందంగా చూపించినా, తిరిగి చేయడానికి వాళ్ల దగ్గర ఆ బటన్ లేదు. వాళ్లకు పనికొచ్చే సమాచారం కంట్రోల్ జెడ్, లేదా కమాండ్ లైన్‌లో యు అని టైప్ చేసి ఎంటర్ నొక్కడం. అందువల్ల మీ సొంత సౌకర్యం కోసం మార్చుకున్న బటన్లను తెరమీద బటన్లుగా చూపించవద్దని నా సలహా. అవి చేసే పని పేరు చూపించండి. బటన్ దాని సహజమైన పనే చేస్తున్నప్పుడు, అంటే బ్రౌజర్‌లో బ్యాక్, ఫార్వర్డ్ లాంటివి నేర్పుతున్నప్పుడు, బటన్‌నే చూపించడం సబబు.

మీరు ఓబీఎస్ వాడుతున్నారు కనుక అన్నిటికంటే దగ్గరి దారి ఇన్‌పుట్ ఓవర్‌లే అనే ఉచిత ప్లగిన్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఓబీఎస్‌ను మూసి తెరిస్తే, సోర్సెస్ దగ్గరి ప్లస్ గుర్తు నొక్కినప్పుడు వచ్చే జాబితాలో ఆ పేరు కనిపిస్తుంది. అది రెండు ఫైళ్లు అడుగుతుంది: ఒకటి మౌస్ లేదా కీబోర్డు బొమ్మ ఉన్న పీఎన్‌జీ ఫైలు, రెండోది ఆ బొమ్మలో ఏ భాగం ఏ బటన్‌కు వెలగాలో చెప్పే జేసన్ ఫైలు. ఇలాంటి జతలను ప్రీసెట్లు అనే పేరుతో ప్లగిన్ చేసినవారే విడిగా ఇస్తారు. మౌస్ ప్రీసెట్ ఎంచుకుంటే తెరమీద ఒక మౌస్ బొమ్మ నిలిచి, ఏ బటన్ నొక్కితే ఆ భాగం నొక్కినంతసేపూ వెలుగుతుంది. మార్పు చేయని పక్క బటన్లు కూడా ఇందులో వెలుగుతాయి. పక్కనే ఇంకో సోర్స్‌గా కీబోర్డు ప్రీసెట్ పెట్టుకుంటే మీ అన్‌డూ బటన్ కంట్రోల్ జెడ్‌గా, రెండో బటన్ ఎస్కేప్‌గా దర్శనమిస్తాయి.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బొమ్మను గీసేది ఓబీఎస్సే కనుక అది మీ పని తెరమీదకు రాదు, రికార్డింగ్‌లో మాత్రమే ఉంటుంది. మౌస్ హైలైటర్ లాంటి సాధనాలు తెరమీద నిజంగానే ఒక పారదర్శకమైన కిటికీ పరిచి దాని మీద చుక్క గీస్తాయి. అందుకే ఓబీఎస్‌లో విండో క్యాప్చర్ పెట్టుకుని ఆటోక్యాడ్ కిటికీని మాత్రమే రికార్డు చేస్తే ఆ చుక్కలు వీడియోలోకి రావు. డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టుకుని మొత్తం తెరను రికార్డు చేస్తేనే వస్తాయి. మీకు చుక్కలు వస్తున్నాయంటే డిస్‌ప్లే క్యాప్చరే వాడుతున్నారు, దాన్ని మార్చకండి. విండో క్యాప్చర్‌లో కుడి క్లిక్ మెనూలు కూడా తరచుగా జారిపోతాయి, ఎందుకంటే అవి కూడా విడి కిటికీలే.

ఆ మౌస్ బొమ్మను ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఆటోక్యాడ్ పాఠానికి అది చాలా ముఖ్యం. కింద మధ్యలో కమాండ్ లైన్ ఉంటుంది; దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కప్పకూడదు, ఎందుకంటే మీరు ఎస్కేప్ నొక్కగానే క్యాన్సిల్ అన్న మాట పడేది అక్కడే, అన్‌డూ చేసినప్పుడు జాడ మిగిలేదీ అక్కడే. ఎడమవైపు కింది మూలలో అక్షాల దిశలు చూపే యూసీఎస్ గుర్తు, కుడివైపు పైన చూసే కోణం మార్చే వ్యూక్యూబ్, దాని కింద నావిగేషన్ బార్, ఎడమవైపు పైన వ్యూపోర్ట్ పేర్లు ఉంటాయి. ఇక మిగిలేది కుడివైపు కింది భాగం. అక్కడ కూడా స్టేటస్ బార్‌కు కాస్త పైన పెట్టండి. మరీ అంచుకు పెడితే వీడియో ఆపినప్పుడు యూట్యూబ్ నియంత్రణల పట్టీ దాన్ని మింగేస్తుంది. పరిమాణం విషయంలో మీ ల్యాప్‌టాప్ తెరను చూసి నిర్ణయించకండి. పిల్లలు చూసేది ఫోన్‌లో. 1080 పిక్సెళ్ల ఎత్తున్న వీడియోలో మౌస్ బొమ్మ కనీసం 150 పిక్సెళ్ల ఎత్తు ఉంటేనే ఏ బటన్ వెలిగిందో ఫోన్‌లో పోల్చుకోగలం. ఒక నిమిషం పాటు నమూనా రికార్డు చేసి మీ ఫోన్‌లోనే చూసుకుని సరిచేసుకోండి.

వీల్ బటన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆటోక్యాడ్‌లో దానికి రెండు పనులున్నాయి. నొక్కి పట్టి జరిపితే ప్యాన్, అంటే డ్రాయింగ్‌ను తెరమీద పక్కకు జరపడం. చకచకా రెండుసార్లు నొక్కితే గీసినదంతా తెరలో ఇమిడేలా జూమ్ ఎక్స్‌టెంట్స్. మొదటిదానికి గుర్తు లేకపోయినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే పాయింటర్ చెయ్యి ఆకారంలోకి మారుతుంది, బొమ్మ కదులుతున్నదీ కనిపిస్తుంది. రెండోదే అసలు చిక్కు. ఉన్నట్టుండి డ్రాయింగ్ మొత్తం చిన్నదైపోయి తెర మధ్యకు వచ్చేస్తుంది, చూసేవారికి కారణం తెలియదు. ఇక్కడ గుర్తు రెండుసార్లు విడివిడిగా వెలగాలి. విండోస్‌లో డబుల్ క్లిక్‌గా లెక్కపెట్టే గడువు మామూలుగా 500 మిల్లీసెకన్లు. అలవాటైన చెయ్యి రెండు నొక్కుళ్లనూ అందులో సగం సమయంలోనే ముగిస్తుంది. నొక్కి వదిలాక అర సెకను పాటు నిలిచి నెమ్మదిగా కరిగిపోయే గుర్తయితే ఈ రెండు నొక్కుళ్లూ కలిసి ఒక్క మెరుపుగా కనిపిస్తాయి. ఇన్‌పుట్ ఓవర్‌లేలో వెలుగు బటన్‌తోపాటే ఆరుతుంది కాబట్టి ఆ ఇబ్బంది రాదు. కరిగే చుక్కలున్న సాధనం వాడితే మాత్రం ఆ సమయాన్ని 200 మిల్లీసెకన్లకు దగ్గరగా తగ్గించండి. వీడియో వేగం సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు, అంటే 200 మిల్లీసెకన్ల వెలుగు ఆరు ఫ్రేముల్లో పడుతుంది, అది చాలు. సెకనుకు 10 ఫ్రేముల జిఫ్ బొమ్మగా పాఠం చేసేవారికి మాత్రం చాలదు, అక్కడ ఒక్కో ఫ్రేమే 100 మిల్లీసెకన్లు కనుక చిన్న క్లిక్ రెండు ఫ్రేముల మధ్య జారిపోవచ్చు. అన్నట్టు, ఎవరైనా విద్యార్థి తన కంప్యూటర్‌లో వీల్ నొక్కితే ప్యాన్ బదులు ఏదో మెనూ వస్తోందంటే, ఎంబటన్‌ప్యాన్ (MBUTTONPAN) అనే ఆటోక్యాడ్ సెట్టింగు విలువ 0 అయి ఉంటుంది. దాన్ని 1 చేయమనండి.

పేరు నేరుగా పాయింటర్ పక్కనే తెలుగులో కనిపించాలని మీకు కోరిక ఉంటే దానికీ దారి ఉంది, కాకపోతే కొంచెం ఓపిక కావాలి. ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్‌కు చేరే మౌస్ బటన్లను పేరుపేరునా గుర్తిస్తుంది. తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో మీ పక్క బటన్లను మళ్లీ వాటి సహజమైన బ్యాక్, ఫార్వర్డ్ స్థితికి మార్చేయండి. ఆ తర్వాత ఆటోక్యాడ్ కిటికీ ముందున్నప్పుడు ఎక్స్‌బటన్1 నొక్కితే కంట్రోల్ జెడ్ పంపి, పాయింటర్ పక్కన "అన్‌డూ" అన్న చీటీ ముప్పావు సెకను చూపించి తీసేయమని నాలుగైదు వరుసల స్క్రిప్టు రాసుకోవచ్చు. పనీ గుర్తూ రెండూ ఒకే చోటి నుంచి పుడతాయి కనుక ఒకటి జరిగి రెండోది జరగకపోవడం అన్నది ఉండదు. అసలు పని చెడకుండా గుర్తు మాత్రమే రావాలంటే, ఉదాహరణకు బ్రౌజర్ పాఠంలో బ్యాక్ తన పని తాను చేసుకోవాలంటే, స్క్రిప్టులో బటన్ పేరుకు ముందు టిల్డా (~) గుర్తు పెట్టాలి. అది లేకపోతే ఆటోహాట్‌కీ ఆ నొక్కుడును తన దగ్గరే ఆపేస్తుంది.

ఈ దారిలో మూడు జాగ్రత్తలున్నాయి. తెలుగు అక్షరాలు సరిగ్గా రావాలంటే స్క్రిప్టు ఫైలును అన్ని భాషల అక్షరాలనూ నిలిపే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి. ఆటోహాట్‌కీ రెండో వెర్షన్ దాన్ని అలాగే చదువుతుంది, పాత 1.1 వెర్షన్‌కైతే బీఓఎమ్‌తో (ఫైలు మొదట్లో ఉండే గుర్తింపు గుర్తుతో) కూడిన యూటీఎఫ్-8 కావాలి, లేకుంటే అక్షరాలు చెదిరిన చెత్తగా కనిపిస్తాయి. పాయింటర్ పక్కన వచ్చే మామూలు చీటీ (టూల్‌టిప్) అక్షరాలు ఫోన్‌లో చదవడానికి చిన్నవి కాబట్టి పెద్ద అక్షరాల చిన్న కిటికీ చేసుకుంటే మంచిది. అయితే ఆ కిటికీ గుండా క్లిక్ కిందికి దాటిపోయేలా అమర్చాలి, లేకపోతే మీరు గీత మొదలుపెట్టబోయిన తర్వాతి క్లిక్ ఆ చీటీ మీద పడి వృథా అవుతుంది. మూడోది చాలామందిని గంటల తరబడి వేధించే సంగతి: ఆటోక్యాడ్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే, మామూలు హోదాలో నడుస్తున్న ఏ ప్రోగ్రామ్‌కూ ఆ కిటికీలోని నొక్కుళ్లను విండోస్ అందనివ్వదు. అది భద్రత కోసం పెట్టిన నియమం. డెస్క్‌టాప్ మీద బ్రహ్మాండంగా పనిచేసిన గుర్తులు ఆటోక్యాడ్‌లోకి వెళ్లగానే మాయమైతే కారణం ఇదేనని అనుమానించండి. ఆటోక్యాడ్‌ను మామూలుగా తెరవడం మేలు. తప్పనిసరైతే ఓబీఎస్‌నూ ఆటోహాట్‌కీనీ కూడా అదే హోదాలో తెరవాలి.

గుర్తు ఎప్పుడు వెలగాలన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. విండోస్‌లో బ్యాక్ బటన్ పని సాధారణంగా నొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు జరుగుతుంది. గుర్తు కూడా వదిలినప్పుడే వెలిగితే అప్పటికి పేజీ మారిపోయి ఉంటుంది. చూసేవారికి కొత్త పేజీ మీద ఏదో క్లిక్ చేసినట్టు అనిపిస్తుంది. నొక్కిన క్షణంలోనే గుర్తు వెలగాలి, వదిలాక కాసేపు నిలవాలి. పాఠం చెప్పేటప్పుడు పక్క బటన్‌ను అర సెకను పాటు నొక్కి పట్టి వదలడం అలవాటు చేసుకుంటే, మార్పు రాకముందే కారణం కంటపడుతుంది.

కీబోర్డును తెరమీద చూపించే ఏ సాధనమైనా మీరు టైప్ చేసే పాస్‌వర్డును కూడా చూపిస్తుందని మరవకండి. రికార్డింగ్ మధ్యలో ఈమెయిల్‌లోకో కళాశాల పోర్టల్‌లోకో లాగిన్ కావలసి వస్తే ముందు ఆ సోర్స్ పక్కన ఉన్న కన్ను గుర్తు నొక్కి దాచండి. ఇంకా మంచి పద్ధతి, జేసన్ ఫైలులో మీకు కావలసిన కంట్రోల్, జెడ్, ఎస్కేప్ లాంటి నాలుగైదు కీలను మాత్రమే ఉంచి మిగతావి తీసేయడం. అప్పుడు తెరమీద చోటు కూడా కలిసొస్తుంది.

రంగుల గురించి ఒక్క మాట. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని కళ్లు ప్రతి తరగతిలోనూ ఉండవచ్చు. వెబ్ విషయాలు అందరికీ అందాలని రూపొందించిన డబ్ల్యుసీఏజీ మార్గదర్శకాలు, సమాచారాన్ని రంగు ఒక్కదాని ద్వారానే చెప్పకూడదని, సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేదేదీ పెట్టకూడదని అంటాయి. పేరు చూపించాలన్న నా పట్టుదలకు ఇది ఇంకో కారణం. మెరుపుల విషయంలో, అన్‌డూను వరుసగా పదిసార్లు నొక్కే అలవాటున్న చోట గుర్తు పెద్దదిగా, కళ్లు చెదిరేంత ప్రకాశంగా ఉండకుండా చూసుకోండి.

మీలాగే వేరే యంత్రాల మీద పాఠాలు చేసేవారి కోసం క్లుప్తంగా చెబుతాను. మ్యాక్‌లో షిఫ్ట్, కమాండ్, 5 కలిపి నొక్కితే వచ్చే రికార్డింగ్ పట్టీలో ఆప్షన్స్ కింద మౌస్ క్లిక్‌లు చూపించే ఎంపిక ఉంది, అది పాయింటర్ చుట్టూ వలయం గీస్తుంది; బటన్ పేర్లు కావాలంటే విడి ప్రోగ్రామ్ తెచ్చుకోవాలి, 2019లో వచ్చిన మ్యాక్ వెర్షన్ కాటలీనా నుంచి అలాంటి ప్రోగ్రామ్‌లకు సెట్టింగులలో ఇన్‌పుట్ మానిటరింగ్ లేదా యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తేనే పనిచేస్తాయి. లినక్స్‌లో కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవారికి మౌస్ క్లిక్ యానిమేషన్ అనే ఎఫెక్ట్ ఉంది, అది ఎడమ, మధ్య, కుడి బటన్లకు వేర్వేరు రంగులు ఇస్తుంది. అక్కడ పక్క బటన్ల కోసం వెతికేటప్పుడు అంకెల దగ్గర జాగ్రత్త: విండోస్‌లో మౌస్ తయారీదారుల సాఫ్ట్‌వేర్‌లలో సాధారణంగా 4, 5 అనేవి పక్క బటన్లు, లినక్స్‌లో తెరనూ మౌస్‌నూ నడిపే ఎక్స్11 వ్యవస్థ లెక్కలో 4, 5 అంటే వీల్‌ను పైకీ కిందికీ తిప్పడం, పక్క బటన్లు 8, 9. నాలుగో బటన్‌కు గుర్తు పెట్టానని అనుకుని, వీల్ తిప్పిన ప్రతిసారీ అది వెలుగుతుంటే కారణం ఇదే. కామ్టేసియా అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొని వాడేవారికి పాయింటర్ సమాచారం వీడియో నుంచి విడిగా నమోదవుతుంది కాబట్టి ఎడమ, కుడి క్లిక్‌ల హంగులను రికార్డింగ్ అయ్యాక కూడా చేర్చుకోవచ్చు. పక్క బటన్ల చోట మాత్రం చేత్తో కాల్అవుట్ (వీడియో మీద రాత చీటీ) పెట్టుకోవడమే.

వీటన్నిటికంటే ముందు, ఈ రోజే, ఖర్చు లేకుండా చేయగలిగింది మీ గొంతులో ఉంది. "ఈ గీత వద్దు, అన్‌డూ చేస్తున్నాను, మీరైతే కంట్రోల్ జెడ్ నొక్కండి" అని నొక్కడానికి ముందే పలకండి. చేతి అలవాటుగా జరిగిపోయే పనులను మనం నోటితో చెప్పడం మరచిపోతాం. పక్క బటన్లు పెట్టుకునేదే ఆలోచించకుండా నొక్కడానికి కనుక అవి మాటల్లోంచి మరీ తొందరగా జారిపోతాయి. తెరమీద గుర్తు ఎంత బాగున్నా, ఆ క్షణంలో విద్యార్థి కన్ను నోట్‌బుక్ మీద ఉంటే దాన్ని చూడలేడు, మాట మాత్రం వినిపిస్తుంది.

ఇక పాత పాఠాలు. వాటిని మళ్లీ రికార్డు చేయనవసరం లేదు. యూట్యూబ్‌లో పెట్టిన వీడియో స్థానంలో అదే లింకుతో కొత్త ఫైలును ఉంచే వీలు లేదు, అక్కడి ఎడిటర్‌లో కత్తిరించవచ్చు, మసకబరచవచ్చు కానీ పైన అక్షరాలు రాయలేం. అయినా క్యాప్షన్లు ఎప్పుడైనా చేర్చవచ్చు. యూట్యూబ్ స్టూడియోలో సబ్‌టైటిల్స్ విభాగానికి వెళ్లి భాషగా తెలుగును ఎంచుకుని, గీత మాయమయ్యే క్షణానికి అర సెకను ముందు మొదలయ్యేలా "కంట్రోల్ జెడ్: చివరి గీత రద్దు" అని, జూమ్ మారే చోట "వీల్ రెండుసార్లు: మొత్తం డ్రాయింగ్" అని రాయండి. మాటలన్నిటికీ క్యాప్షన్లు రాసే పని పెట్టుకోకండి, ఈ కనబడని నొక్కుళ్లకే రాయండి. ఏ చోట్ల రాయాలో వెతుక్కోవడానికి పిల్లలు ఫోన్ చేసి అడిగిన సందేహాలే మీకు జాబితా. ఏ పాఠం గురించి ఎక్కువమంది అడిగారో దానితో మొదలుపెట్టి, ఎవరూ అడగనివాటిని చివరికి వదిలేయండి. చేర్చాక వీడియో వివరణ మొదటి వరుసలోనే క్యాప్షన్లు ఆన్ చేసుకోమని రాసి, తరగతిలోనూ ఒకసారి చెప్పండి, ఎందుకంటే ఫోన్‌లో అవి చాలామందికి ఆఫ్‌లోనే ఉంటాయి.